ఫాల్ట్ పక్కన కట్టే భవనానికి బేస్ ఐసొలేషన్: ఏది, ఎప్పుడు, ఎంత జాగాతో?

1994 జనవరి 17 తెల్లవారుజామున లాస్ ఏంజలెస్ పక్కన నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. మాగ్నిట్యూడ్ 6.7. ఆ పూట రెండు ఆసుపత్రులకు రెండు రకాల అనుభవం ఎదురైంది. సిల్మార్‌లోని ఆలివ్ వ్యూ ఆసుపత్రి 1971 భూకంపంలో దెబ్బతింటే కూల్చేసి, ఈసారి చచ్చినా కదలకూడదన్న పట్టుదలతో స్టీలు, కాంక్రీటు గోడలతో బిగించి మళ్లీ కట్టారు. నేల దగ్గర 0.91 జీ (జీ అంటే భూమ్యాకర్షణ త్వరణం) ఉన్న త్వరణం దాని పైకప్పు దగ్గరికి వెళ్లేసరికి 2.3 జీ అయింది. కట్టడం నిలబడింది. కానీ స్ప్రింక్లర్ పైపులు పగిలి లోపలంతా నీళ్లు చేరాయి, రోగుల్ని బయటికి తరలించాల్సి వచ్చింది. అదే ఊళ్లో 1991లో రబ్బరు బేరింగుల మీద కట్టిన యూఎస్‌సీ యూనివర్సిటీ ఆసుపత్రిలో లెక్క తిరగబడింది. బయట నేల మీద 0.49 జీ, పైకప్పు దగ్గర 0.21 జీ. ఆసుపత్రి తన పని తను చేసుకుంటూ పోయింది.

భవనాన్ని ఇలా మెత్తని బేరింగుల మీద నిలిపి నేల వణుకు నుంచి విడదీయడాన్నే బేస్ ఐసొలేషన్ అంటారు. దాని గురించి ఎవరు మాట్లాడినా ఈ జంట కథే ముందు చెబుతారు. ఇందులో ఒక తిరకాసు ఉంది. యూఎస్‌సీ ఆసుపత్రి భూకంప కేంద్రానికి దాదాపు 36 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆలివ్ వ్యూ ఆ రోజు పగిలిన ఫాల్ట్‌కి, అంటే నేల లోపలి రాతి పొరలు జారే చీలికకి, పక్కనే ఉంది. అక్కడ నేల వేగం సెకనుకు 130 సెంటీమీటర్ల దాకా వెళ్లింది. రెండింటి స్థానాలు మార్చి చూస్తే ఫలితం ఇంత తేలిగ్గా ఉండేదా? ఫాల్ట్ దగ్గర భవనం కట్టేవాళ్లు, కట్టించేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఫాల్ట్ పక్కన నేల ఎందుకు వేరుగా కదులుతుంది?

దూరంగా ఉన్నచోట భూకంపం అంటే ఎక్కువగా చిన్నచిన్న, వేగమైన వణుకులు. మామూలు నాలుగైదు అంతస్తుల భవనం సహజ పీరియడ్, అంటే అది ఒకసారి ఊగి తిరిగి రావడానికి పట్టే సమయం, అర సెకను అటూఇటూ ఉంటుంది కాబట్టి ఆ వణుకుల శక్తిని బాగా లాగేసుకుంటుంది. కింద మెత్తని బేరింగులు పెట్టి పీరియడ్‌ని రెండున్నర, మూడు సెకన్లకి సాగదీస్తే ఆ వణుకులు భవనానికి ఎక్కవు. ఐసొలేషన్ సూత్రం ఇంతే.

ఫాల్ట్ దగ్గర అలా కాదు. పగులు ఒక చివర మొదలై మనవైపు పరిగెత్తుకొస్తుంది. దాని వేగం షియర్ తరంగాల వేగానికి ఇంచుమించు సమానం కాబట్టి దారి పొడవునా పుట్టిన శక్తి అంతా పోగుపడి, ఒకటి రెండు పెద్ద ఊపులుగా ఒక్కసారే వచ్చి తగులుతుంది. దీన్నే పల్స్ అంటారు. దాని నిడివి ఒక సెకను నుంచి ఐదారు సెకన్ల దాకా ఉండొచ్చు. భూకంపం పెద్దదయ్యే కొద్దీ పల్స్ కూడా పొడవవుతుంది. మనం తప్పించుకుందామని మూడు సెకన్లకి జరిగితే, అది సరిగ్గా అక్కడే కాచుకుని ఉంటుంది. పైగా సాధారణంగా ఫాల్ట్‌కి లంబంగా ఉన్న దిశలోనే ఈ ఊపు ఎక్కువ, అంటే భవనానికి ఒక వైపు దెబ్బ గట్టిగా పడుతుంది. దీనికి తోడు ఫాల్ట్ జారినప్పుడు నేల ఒక పక్కకి శాశ్వతంగా జరిగిపోయే ఫ్లింగ్ అనేది ఇంకొకటి ఉంది.

ఆర్టీసీ బస్సులో నిలబడ్డ మనిషికి రోడ్డు గతుకులు మోకాళ్ల దగ్గరే ఆగిపోతాయి. డ్రైవరు ఒక్కసారి బ్రేకు తొక్కితే మాత్రం మోకాళ్లు చాలవు, ఒక అడుగు ముందుకి వేయాలి. అడుగు వేసే చోటు లేకపోతే ముందున్న సీటుకి కొట్టుకుంటాడు. ఐసొలేటెడ్ భవనానికి ఆ చోటే చుట్టూ వదిలే గ్యాప్.

అందుకే నా సలహా ఎప్పుడూ బేరింగ్ రకంతో మొదలవదు. ఆర్కిటెక్టు, యజమాని కూర్చున్నప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న: నాలుగు వైపులా ఎన్ని సెంటీమీటర్లు ఇవ్వగలరు? ఆ అంకె వచ్చాక సగం ఎంపికలు వాటంతటవే రాలిపోతాయి.

ఒక చిన్న లెక్క

ఒక సెకను పీరియడ్ ఉన్న భవనానికి తగిలే త్వరణం (స్పెక్ట్రల్ త్వరణం) 0.6 జీ ఉన్న చోటు తీసుకుందాం. భూకంప ప్రాంతమే, కానీ ఫాల్ట్‌కి దూరం. మూడు సెకన్ల పీరియడ్‌కి త్వరణం 0.2 జీకి పడిపోతుంది, చాలా మంచి విషయం. దానికి తగ్గ కదలిక 5 శాతం డాంపింగ్‌తో (ఊపు శక్తిని తినేసే గుణంతో) 45 సెంటీమీటర్లు. డాంపింగ్‌ని 20 శాతానికి పెంచితే సుమారు 30. ఇది ఎవరైనా ఇవ్వగలిగిన జాగా. ఇప్పుడు అదే భవనాన్ని ఫాల్ట్‌కి రెండు కిలోమీటర్లలోకి జరపండి. 1997 నాటి అమెరికా యూనిఫాం బిల్డింగ్ కోడ్ అలాంటి చోట పొడవాటి పీరియడ్లకి రెండు రెట్ల దాకా గుణకం వేయమంది. 30 కాస్తా 60 అవుతుంది. ఇంకా మెత్తగా చేద్దామని పీరియడ్ నాలుగు సెకన్లకి పెంచితే 80. పీరియడ్ పెంచే కొద్దీ బలం తగ్గుతుంది, కదలిక పెరుగుతుంది. దూరంగా ఉన్న చోట ఈ బేరం లాభం. ఫాల్ట్ పక్కన అదే బేరంలో జాగా ధర అమాంతం పెరిగిపోతుంది.

ఇది కేవలం లెక్కల భయం అనుకోకండి. 2016 ఏప్రిల్ కుమమోతో భూకంపంలో జపాన్‌లోని అసో నగరంలో ఐసొలేటెడ్ ఆసుపత్రి భవనం ఒక వైపు 46 సెంటీమీటర్లు జరిగింది. అక్కడ బేరింగుల పక్కన గీతలు గీసే పలక ఒకటి పెట్టి ఉండబట్టి ఇంత కచ్చితంగా తెలిసింది. భవనం బాగానే ఉంది. 30 సెంటీమీటర్ల గ్యాప్ మాత్రమే వదిలి ఉంటే పునాది గోడకి గుద్దుకునేది. నార్త్‌రిడ్జ్ తర్వాత 1995లో వెలువడిన ఒక కంప్యూటర్ అధ్యయనం నగరం కిందే 7.0 భూకంపం వస్తే ఏమవుతుందో చూసింది. నేల కదలికలో రెండు మీటర్ల దాకా పల్సులు వచ్చాయి. మూడంతస్తుల ఐసొలేటెడ్ భవనం పనిచేస్తూ ఉండాలంటే అసాధారణ ఏర్పాట్లు కావాలని తేలింది. ఆ పేపరు చదివి "ఐసొలేషన్ దండగ" అన్నవాళ్లున్నారు. అదే అధ్యయనంలో 20 అంతస్తుల మామూలు స్టీలు ఫ్రేము కూలిపోయే పరిస్థితికి వచ్చిందన్న సంగతి వాళ్లు చెప్పరు.

లెడ్ రబ్బర్ బేరింగ్

ఎక్కువమంది మొదట చూసేది దీన్నే. రబ్బరు పొర, స్టీలు ప్లేటు, మళ్లీ రబ్బరు పొర, ఇలా పేర్చి వల్కనైజ్ చేసి, మధ్యలో సీసం దిమ్మ దిగ్గొడతారు. స్టీలు ప్లేట్ల వల్ల నిలువుగా గట్టిగా, అడ్డంగా మెత్తగా ఉంటుంది. సీసం లొంగుతూ శక్తిని తినేస్తుంది, రబ్బరు మళ్లీ మధ్యకి లాగుతుంది. 1970ల్లో న్యూజిలాండ్‌లో బిల్ రాబిన్సన్ కనిపెట్టిన పద్ధతి ఇది. ఫాల్ట్ మీదే ఊరు కట్టుకున్న వెల్లింగ్టన్‌లో విలియం క్లేటన్ భవనంతో మొదలై, పార్లమెంటు భవనం దాకా వాడారు. 2001 భూకంపంలో ఆసుపత్రిని పోగొట్టుకున్న భుజ్‌లో కొత్తగా కట్టిన 300 పడకల జీకే జనరల్ ఆసుపత్రి కింద ఉన్నవి కూడా ఇవే.

ఫాల్ట్ దగ్గర దీని గుణం ఒకటి, లోపం ఒకటి. గుణం: రబ్బరు బాగా సాగాక, 200 శాతం స్ట్రెయిన్ (తన మందానికి రెండింతలు పక్కకి జరగడం) దాటాక, దానంతట అదే గట్టిపడుతుంది. అంటే జాగా అయిపోతున్న వేళ మెల్లగా ఆపే బ్రేకు ఊరికే దొరుకుతుంది. లోపం: 60 సెంటీమీటర్లు జరగాలంటే రబ్బరు మొత్తం మందం కనీసం 25, 30 సెంటీమీటర్లు ఉండాలి. జరిగినప్పుడు పై ప్లేటు, కింది ప్లేటు ఒకదానిమీద ఒకటి ఉండే వైశాల్యం తగ్గిపోతుంది కాబట్టి వ్యాసం కూడా మీటరు పైన కావాలి. అంత లావు బేరింగు మీద తేలికపాటి రెండంతస్తుల భవనం పెడితే అది అసలు కదలదు. పీరియడ్ రావాలంటే పైన బరువుండాలి. అందుకే ఒక్కో పిల్లరుకి బాగా బరువు దిగే పెద్ద ఆసుపత్రి, సెక్రటేరియట్ లాంటి కట్టడాలకి ఇది సరిపోతుంది. చిన్న ఫైర్ స్టేషన్‌కి, డేటా సెంటర్ షెడ్డుకి సరిపోదు. అమ్మకందారు ఈ ముక్క చెప్పడు, మీరే అడగాలి.

ఫ్రిక్షన్ పెండ్యులమ్

వంపు తిరిగిన స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలో జారే ముక్క. పీరియడ్ గిన్నె వంపు వ్యాసార్ధాన్ని బట్టి ఉంటుంది, బరువుతో పని లేదు. వ్యాసార్ధం 2.24 మీటర్లయితే మూడు సెకన్లు, పైన ఒక అంతస్తున్నా పదున్నా. తేలికపాటి భవనానికి ఇదే వరం. ఎక్కువ జాగా కావాలంటే గిన్నెని వెడల్పు చేస్తే చాలు. శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్‌కి దగ్గరున్న కూపర్టినోలో ఆపిల్ పార్క్ దాదాపు 700 స్టీలు గిన్నెల మీద కూర్చుంది. ఎటువైపైనా నాలుగడుగుల దాకా, అంటే 1.2 మీటర్లు జరగగలదని చెప్పారు. ఇంత కదలికకి రబ్బరు వాడటం మహా కష్టం.

వీటిలో ట్రిపుల్ పెండ్యులమ్ అనే రకం ఫాల్ట్ పక్కన నాకు అన్నిటికంటే నచ్చుతుంది. లోపల చిన్న గిన్నెలు, బయట పెద్ద గిన్నెలు ఉంటాయి. చిన్న భూకంపానికి లోపలివి మాత్రమే జారతాయి, పెద్దదానికి బయటివి కలుస్తాయి, చివర్లో మళ్లీ గట్టిపడుతుంది. ఒకే బేరింగు మూడు రకాల భూకంపాలకి మూడు రకాలుగా నడుచుకుంటుంది. తుర్కియేలో అదానా సిటీ ఆసుపత్రి కింద ఉన్నవి ఈ రకమే.

ఇబ్బంది నిలువు ఊపుతో. ఫాల్ట్ దగ్గర నేల కిందికీ మీదికీ కూడా గట్టిగా ఎగురుతుంది. రాపిడి బలం పైనున్న బరువుని బట్టి ఉంటుంది కాబట్టి, బరువు క్షణక్షణం మారితే రాపిడి కూడా మారుతుంది, భవనం లోపల సన్నటి వణుకు పుడుతుంది. 2011లో జపాన్‌లోని ఈ-డిఫెన్స్ షేక్ టేబుల్ మీద ఒకే ఐదంతస్తుల స్టీలు భవనాన్ని ట్రిపుల్ పెండ్యులమ్‌తో, లెడ్ రబ్బరుతో, ఏమీ లేకుండా మామూలు పునాదితో వరసగా ఊపి చూశారు. ఐసొలేషన్ ఉన్నా నిలువు కదలిక బలంగా ఉన్నప్పుడు ఫాల్స్ సీలింగులు, పార్టిషన్లు దెబ్బతిన్నాయి. ఈ బేరింగులేవీ నిలువు ఊపుని ఆపవు. కాబట్టి ఏది కొన్నా సీలింగు, పైపులు, ఆపరేషన్ థియేటర్ లైట్లు గట్టిగా కట్టే ఖర్చు బడ్జెట్‌లో ఉంచండి. డబ్బు మిగులుతుందని అందరూ మొదట కోసేది దాన్నే.

రబ్బరుకి డాంపర్లు తోడైతే

శాన్ బెర్నార్డినో కౌంటీలోని ఆరోహెడ్ ప్రాంతీయ ఆసుపత్రి 1999లో తెరుచుకుంది. శాన్ జసింటో ఫాల్ట్‌కి కొద్ది కిలోమీటర్లలో, శాన్ ఆండ్రియాస్‌కి కూడా దగ్గరగా ఉంది. దాదాపు 400 హై డాంపింగ్ రబ్బరు బేరింగులు పెట్టి, అవి చాలవని 180కి పైగా విస్కస్ డాంపర్లు (వాహనాల షాక్ అబ్జార్బర్ల లాంటివి) కూడా జోడించారు. డాంపర్ బలం వేగాన్ని బట్టి పుడుతుంది. ఫాల్ట్ దగ్గర పల్స్ ముఖ్య లక్షణం కూడా వేగమే. కాబట్టి మందు రోగానికి తగ్గట్టే ఉంది.

కానీ డాంపింగ్ ఉచితం కాదు, ఖరీదు గురించి మాత్రమే అనడం లేదు. పదేళ్లకోసారి వచ్చే మామూలు భూకంపంలో ఈ గట్టి డాంపర్లు భవనాన్ని జారనివ్వకుండా పట్టుకుని, వేగమైన వణుకుల్ని పైకి పంపిస్తాయి. పెద్దదాని కోసం చేసిన ఏర్పాటు చిన్నదానిలో అంతస్తుల త్వరణం పెంచుతుంది. లోపల సున్నితమైన పరికరాలుంటే ఇది ఆలోచించాల్సిన నష్టం. సీళ్ల నుంచి నూనె కారుతుందేమో అప్పుడప్పుడు చూసుకునే మనిషి కూడా ఉండాలి. జాగా 60 దగ్గర ఆగిపోయి, లెక్క 80 అడుగుతున్నప్పుడు డాంపర్ల వైపు వెళ్లండి. జాగా ఉంటే ముందే వెళ్లకండి.

అసలు ఐసొలేషన్ వద్దనుకుంటే

ఇది కూడా పరువైన ఎంపికే. నాలుగు వైపులా 40, 45 సెంటీమీటర్లకి మించి ఇవ్వలేని ఇరుకు స్థలం, పక్క భవనం ఆనుకుని ఉన్న సందు, కింద మెత్తటి మట్టి, లేదా అసలే రెండు మూడు సెకన్ల పీరియడ్ ఉన్న ఎత్తైన టవర్, వీటిలో ఏదున్నా ఫాల్ట్ పక్కన బేరింగులు పెట్టడం కన్నా మంచి షియర్ వాల్స్‌తో (పక్క ఊపుని తట్టుకునే గట్టి గోడలతో) కట్టడమే నేను చెప్పేది. ఆలివ్ వ్యూ కూలలేదు, ఆ కట్టడం ఎవరి ప్రాణం మీదికీ తేలేదు. ప్రాణం దక్కితే చాలు, మర్నాడు పనిచేయకపోయినా పర్లేదు అనుకునే భవనాలకి ఆ స్థాయి సరిపోతుంది.

సగం జాగాతో పెట్టిన ఐసొలేషన్ మాత్రం రెంటికీ చెడ్డ రేవడి. భవనం వేగంగా వెళ్లి గోడకి గుద్దుకుంటే ఆ దెబ్బ పైఅంతస్తులకి చేరుతుంది, పైన ఫ్రేము మెత్తని పునాది ఉందనుకుని తక్కువ బలంతో డిజైన్ చేసి ఉంటుంది. నార్త్‌రిడ్జ్‌లో దీనికి చిన్న నమూనా కనిపించింది. లాస్ ఏంజలెస్ కౌంటీ ఫైర్ కమాండ్ కేంద్రం రబ్బరు బేరింగుల మీద ఉంది. దాని ప్రవేశ ద్వారం దగ్గర గ్యాప్‌కి అడ్డం పడేలా కట్టేయడంతో భవనం అక్కడ తగిలింది. ఆ దిశలో పైన త్వరణం తగ్గాల్సింది పోయి పెరిగింది. కోట్ల రూపాయల బేరింగులకి గుమ్మం దగ్గరి పని ఎసరు పెట్టింది. గ్యాప్‌లో జనరేటర్ పెట్టేవాళ్లు, ర్యాంప్ కట్టేవాళ్లు, టైల్స్ వేసి కప్పేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు. అక్కడ బోర్డు పెట్టించండి, మెయింటెనెన్స్ కాంట్రాక్టులో ఏటా తనిఖీ రాయించండి.

ఫాల్ట్ గీత సరిగ్గా స్థలం మధ్యనుంచి పోతుంటే పైన చెప్పినవేవీ పనికిరావు. 1999 నవంబరులో తుర్కియే దూజ్‌జే భూకంపం వచ్చినప్పుడు బోలు వయడక్ట్ కిందనుంచి ఫాల్ట్ చీలింది. ఐసొలేషన్ ఉన్న వంతెనే. బేరింగులు చోటు తప్పిపోయాయి. రెండు పక్కల నేలే చెరో దారి పడితే మధ్యలో జారే ముక్క ఏం చేస్తుంది? అందుకే కాలిఫోర్నియాలో 1972 నుంచి ఉన్న ఆల్క్విస్ట్-ప్రియోలో చట్టం కింద చురుకైన ఫాల్ట్ గీతకి మామూలుగా 50 అడుగులు వదిలి కట్టుకోమంటారు. తప్పనిసరై గీత మీదే ఉండాల్సి వస్తే బెర్క్‌లీ స్టేడియం దారి ఉంది. హేవర్డ్ ఫాల్ట్ మీదున్న ఆ స్టేడియాన్ని 2012కి బాగు చేసినప్పుడు, ఫాల్ట్ దాటే భాగాల్ని మిగతా కట్టడం నుంచి విడగొట్టి, వాటంతట అవి జరిగేలా బ్లాకులుగా కట్టారు.

మరి ఎవరికి ఏది?

అమెరికా కోడ్ ప్రకారం మాగ్నిట్యూడ్ 7 పైబడి తేగల ఫాల్ట్‌కి 15 కిలోమీటర్లలోపు, 6 పైబడి తేగలదానికి 10 కిలోమీటర్లలోపు ఉంటే అది ఫాల్ట్ దగ్గరి స్థలం. మీ స్థలం ఆ గీత లోపల ఉంటే సైట్‌కి ప్రత్యేకంగా నేల కదలిక అధ్యయనం చేయించండి, అందులో పల్స్ రికార్డులు ఉన్నాయో లేదో అడగండి. నార్త్‌రిడ్జ్‌లో సిల్మార్ దగ్గర నమోదైన పల్స్ రికార్డు లాంటిది ఒక్కటీ లేకుండా పదకొండు రికార్డులు చూపిస్తే ఆ రిపోర్టు వెనక్కి పంపేయండి.

భూకంపం మర్నాడే పనిచేయాల్సిన పెద్ద ఆసుపత్రి, 70 నుంచి 100 సెంటీమీటర్ల జాగా ఉంది అంటే: ట్రిపుల్ పెండ్యులమ్, లేదా బరువు సరిపోతే లెడ్ రబ్బరు. ధర, మీ దగ్గర సరఫరా, పరీక్షించే ల్యాబు, వీటిని బట్టి తేల్చుకోవచ్చు. జాగా 50, 60 దగ్గరే ఆగితే రబ్బరుకి డాంపర్లు జోడించండి. తేలికపాటి భవనమైతే రబ్బరు ఆలోచనే వద్దు, పెండ్యులమ్ చూడండి. దేనితోనైనా, జాగా దాటితే ఏమవుతుందో డిజైనరుతో కాగితం మీద పెట్టించండి: గోడకి తగులుతుందా, మెత్తని స్టాపర్ ఉందా, ఆ దెబ్బకి పై ఫ్రేము తట్టుకుంటుందా?

ఆసుపత్రుల విషయంలో నాకు సందేహం లేకుండా చేసినవి ఫాల్ట్ దగ్గరి అనుభవాలే. 2011 క్రైస్ట్‌చర్చ్ భూకంపంలో ఆ దక్షిణ దీవిలో ఉన్న ఒకే ఒక్క ఐసొలేటెడ్ భవనం మహిళల ఆసుపత్రి, అది నడుస్తూనే ఉంది. 2013లో చైనాలోని లూషాన్ జిల్లా ఆసుపత్రిలో మూడు భవనాల్లో ఐసొలేటెడ్‌గా ఉన్న ఔట్‌పేషెంట్ బ్లాకే గాయపడ్డవాళ్లకి ఆసరా అయింది. మిగతా రెంటిలో లోపల గోడలు, సీలింగులు పోయాయి. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో ఇస్కెండెరున్ ప్రభుత్వాసుపత్రిలో ఒక బ్లాకు కూలిపోతే, అదే హతాయ్ ప్రాంతంలో ఐసొలేటర్ల మీదున్న డోర్త్‌యోల్ ఆసుపత్రి రోగుల్ని చూస్తూ ఉంది. కూలింది పాత కట్టడం, పోలిక పూర్తిగా సమానం కాదు. అయినా భూకంప ప్రాంతాల్లో 100 పడకలు దాటిన ఆసుపత్రులకి ఐసొలేషన్ తప్పనిసరి అని 2013లో తుర్కియే ఆరోగ్యశాఖ పెట్టిన నిబంధన అక్కరకొచ్చింది.

బేరింగు ఏదైనా పరీక్ష కాగితాలు నమ్మకండి, పరీక్ష చూడండి. జపాన్‌లోనే 2015లో రబ్బరు బేరింగుల, 2018లో ఆయిల్ డాంపర్ల పరీక్ష లెక్కలు మార్చారని బయటపడింది. మీ ప్రాజెక్టుకి వచ్చే సరుకులోంచే తీసి, మీ డిజైన్ కదలిక దాకా, ఆ వేగంతో తోసి చూపించమనండి. మెల్లగా తోసి చూపిస్తే పల్స్ గురించి ఏమీ తెలియదు.

మన దగ్గర ఐసొలేటెడ్ భవనాలకి భూకంప డిజైన్ ప్రమాణం ఐఎస్ 1893 ఆరో భాగం 2022లో వచ్చింది, గువాహటిలోనో డెహ్రాడూన్‌లోనో పనిచేసే మన ఇంజినీర్లు దాన్నే పట్టుకోవాలి. 1969 భద్రాచలం, 2024 ములుగు భూకంపాలు చూసి హైదరాబాద్ అపార్ట్‌మెంటుకి బేరింగులు పెట్టించాలా అని అడిగేవాళ్లకి నా జవాబు: వద్దు. ఆ డబ్బుతో ఐఎస్ 13920 ప్రకారం పిల్లర్లలో రింగులు దగ్గర దగ్గరగా వేయించండి, స్టిల్ట్ పార్కింగ్‌లో షియర్ వాల్స్ పెట్టించండి.

కాలిఫోర్నియాలో హేవర్డ్ ఫాల్ట్ పక్కనే ఫ్రీమాంట్‌లో పాత చెక్క ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకీ బేరింగులు అక్కర్లేదు. ఇంటిని పునాదికి బోల్టులతో బిగించి, కింద క్రాల్ స్పేస్‌లో (ఇంటి అడుగుకీ నేలకీ మధ్య పాకేంత ఖాళీలో) పొట్టి గోడలుంటే వాటికి ప్లైవుడ్ కొట్టించుకుంటే చాలు. ఎర్త్‌క్వేక్ బ్రేస్ ప్లస్ బోల్ట్ అనే రాష్ట్ర పథకం కింద అర్హత ఉన్న ఇళ్లకి 3,000 డాలర్ల దాకా ఇస్తారు. రిజిస్ట్రేషన్ తెరిచినప్పుడు మీ పిన్‌కోడ్ ఉందో లేదో చూసుకోండి.